తోడల్లుడి టైర్లకంటే పెద్దవి

మా తోడల్లుడి బండి కంటే ముందు దాని చప్పుడు వచ్చేది. తారు రోడ్డు మీద ఆ పెద్ద గళ్ళ టైర్లు ఒక రకంగా ఊళ వేసేవి. బండి ఇంకా సరుగుడు తోపు దగ్గర ఉండగానే ఆ ఊళ మా వంటింట్లోకి వినబడేది. మా ఆవిడ చేస్తున్న పని ఆపకుండానే "బావగారు వస్తున్నారు" అనేది. అదే నేను గుమ్మం ముందుకొచ్చి హారన్ కొట్టినా "ఎవరండీ అది" అని అడిగేది. ఈ ఒక్క ముక్క మీద నాకు ఎన్ని పూటలు అన్నం సయించలేదో చెబితే నవ్వుతారు.

ఎనభైల మొదట్లో మాట ఇది. పిఠాపురం నుంచి సముద్రం వైపు వచ్చే రోడ్డు ఇసుక తగిలి ఎక్కడ ఆగిపోతుందో అక్కడ మా ఊరు. మాది వేట మీద బతికే కులం. మా తండ్రులు తెడ్డు పట్టారు. మా తరంలో తెడ్డు వదిలి స్టీరింగు పట్టినవాళ్ళం ఊరికి ఇద్దరమే. ఒకణ్ణి నేను, రెండోవాడు మా ఆవిడ అక్క మొగుడు. ఇద్దరివీ వేలంపాటలో కొన్న పాత జీపులే. వెనక కప్పు తీసేయించి, రేకు తొట్టి కట్టించి, పికప్పు బళ్ళుగా మార్చుకున్నాం. తెల్లవారగానే చేపల గంపలతో ఆడవాళ్ళు తొట్టిలోకి ఎక్కేవారు. వాళ్ళని పిఠాపురంలో కొందరిని, పెద్దాపురంలో కొందరిని దింపి, మధ్యాహ్నానికి ఖాళీ గంపలతో వెనక్కి తెచ్చేవాళ్ళం. ఆదివారం లేదు, పండగ లేదు, రోజూ ఇదే పని.

ఆ గంపల ఆడవాళ్ళలో మా అత్తగారు ఒకరు. మామగారు పోయాక ఇద్దరు కూతుళ్ళనీ ఆ గంప మీదే పెంచి పెళ్ళిళ్ళు చేసింది. కొడుకులు లేరు. మేమిద్దరం అల్లుళ్ళమే ఆవిడకి మగదిక్కు. అయితే మా వైపు అత్త అల్లుడికి ఎదురుపడదు, మాట్లాడదు, అల్లుడి చెయ్యి అందుకోవడం అసలే లేదు. ఏదైనా చెప్పాలంటే పక్కనున్న మనిషికి చెప్పాలి. మనిషి లేకపోతే మా అత్తగారు తన గంపకి చెప్పేది. "ఏమే, బండి కాస్త మెల్లగా వెళితే నీ పైన ఐసు ఒలకదు కదే" అని గంపని అడిగితే, నేను ముందు సీట్లో కూర్చుని మారు మాట్లాడకుండా మెల్లగా తోలేవాణ్ణి. అలా పన్నెండేళ్ళు ఒకరి మొహం ఒకరం సరిగ్గా చూడకుండా కాపురం చేశాం, అత్తా అల్లుళ్ళం.

ఈ కథ జరిగేనాటికి ఆవిడ రోజూ ఎక్కేది నా బండే. ఇది ముందే చెప్పాలి. ఎందుకంటే నా కడుపుమంట అంతా చదివాక, ఈ మనిషికి ఇంకేం కావాలి అని మీరు అడుగుతారు. నాకు కావలసింది ఆవిడ నోటి మాట. ఎక్కడం నా బండి ఎక్కేది, పొగడడం పెద్దల్లుడి బండిని పొగిడేది. నా తొట్టిలో కూర్చుని, నా వీపు వెనకే, పక్క ఆడవాళ్ళతో "మా పెద్దల్లుడు గారి బండి చక్రాలు చూశారా, ఏనుగు పాదాల్లా ఉంటాయి" అనేది. నాకు అప్పుడే బండి ఆపి దిగి, సముద్రంలోకి నడిచి వెళ్ళిపోవాలనిపించేది.

ఆ టైర్లు మా తోడల్లుడు విశాఖపట్నం నుంచి తెచ్చాడు. మిలటరీ వాళ్ళు వాడి తీసేసిన సరుకట. అవి వేసుకున్న దగ్గర్నుంచి బండిని రోడ్డు చివర ఆపడం మానేశాడు. ఇసుకలో దిగి నేరుగా అలల అంచుదాకా పోయేవాడు. పడవలోంచి తీసిన చేప తీసినట్టే అతని తొట్టిలో పడేది. నేను మాత్రం రోడ్డు చివర, కాఫీ హోటలు పక్కన, పెళ్ళికొడుకు రాని విడిదిలా ఎదురు చూస్తూ ఉండేవాణ్ణి. ఆడవాళ్ళు ఒక్కొక్కరే అతని వైపు మళ్ళారు. మా అత్తగారు మళ్ళలేదు. అతని బండి దాటుకుని, గంప నెత్తిన పెట్టుకుని, ఆ ఇసుకంతా నడిచి నా దగ్గరకే వచ్చేది. అది నా మీద జాలి అనుకున్నాను నేను. చిన్నల్లుడి బండి ఖాళీగా పోతుంటే చూడలేక వస్తోంది అనుకున్నాను. ప్రేమని జాలి అనుకోవడం కంటే దరిద్రం లేదు. ఆ దరిద్రం నేను రెండేళ్ళు అనుభవించాను.

ఒక వానాకాలం పొద్దున నాకు పంతం పట్టింది. అతను దిగగా లేనిది నేను దిగలేనా అని బండిని ఇసుకలోకి పోనిచ్చాను. నాలుగు బారలు వెళ్ళి ఇరుసుదాకా కూరుకుపోయాను. యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ ఇంకా దిగబడింది. ఊరు ఊరంతా చూడటానికి వచ్చింది. చివరికి మా తోడల్లుడే వల తాడు కట్టి లాగాడు. లాగి, తాడు విప్పుతూ నవ్వుతూ అన్నాడు.

"నీ టైర్లతో ఇసుకలో దిగకు తమ్ముడూ. అవి పెళ్ళివారి బండికి బాగుంటాయి."

ఆ మాట నేను భరించేవాణ్ణి. కాని కాస్త అవతల గంప దించుకుని నిలబడ్డ మా అత్తగారు, గంప వైపు చూస్తూ, అందరికీ వినబడేలా "చక్రాలంటే అవీ" అంది. ఆ రోజే నిశ్చయించుకున్నాను. అతని టైర్లకంటే పెద్ద టైర్లు వేయిస్తాను. ఆ మాట నా బండిని చూసి అనిపిస్తాను.

ఇప్పుడు దీనికి అసూయ అని పేరు పెడుతున్నాను గాని, అప్పుడు దానికి వ్యాపార అవసరం అని పేరు పెట్టుకున్నాను. మా ఆవిడతో కూడా అలాగే చెప్పాను. ఆవిడ "మనం ఇసుకలో తిరిగేది ఎంతండీ" అంది. నీకు తెలియదు ఊరుకో అన్నాను.

పెద్ద టైర్లు కావాలంటే అతనివి ఎంత పెద్దవో తెలియాలి కదా. అడగడానికి నాకు మొహం చెల్లదు. ఒక మధ్యాహ్నం భోజనానికి పిలిచాను. వంజరం పులుసు. అతను రెండోసారి అన్నం కలుపుకుంటుండగా, పెరుగు తెస్తానని చెప్పి పక్కింటికి పోతున్నట్టు బయటికొచ్చాను. వల అల్లే దారం తీసి, నా బావమరిదిని దహనం చేస్తున్నంత గంభీరంగా, అతని టైరు చుట్టూ ఒకసారి, అడ్డంగా ఒకసారి, వెడల్పు ఒకసారి కొలిచాను. మూడు కొలతలకీ మూడు ముళ్ళు వేసుకుని దారం జేబులో పెట్టుకున్నాను. నాకు బావమరుదులు లేరనుకోండి. పెరుగు లేకుండా తిరిగి వచ్చేసరికి అతను లేచి చెయ్యి కడుక్కుంటున్నాడు.

టైర్లు కాకినాడలో దొరుకుతాయి. కాని కాకినాడలో కొంటే సాయంత్రానికి అతనికి కబురు చేరిపోతుంది. అందుకని రాజమండ్రి వెళ్ళాను. గోదావరి స్టేషనుకి పోయే దారిలో ఒక టైర్ల కొట్టు. షావుకారు నుదుట విభూతి పెట్టుకుని, తెల్లటి పరుపు మీద కూర్చుని ఉన్నాడు. నేను దారం తీసి ముళ్ళు చూపించి, "దీనికంటే పెద్దవి కావాలండి" అన్నాను.

ఆయన దారాన్ని కాసేపు చూశాడు. "కొలత టైరు మీదే రాసి ఉంటుంది కదండీ. నంబరు చూసుకు రాకపోయారా?" అన్నాడు.

నంబరు ఉంటుందన్న సంగతి నాకు తెలియక కాదు. నా టైర్ల మీద ఆరు, పదహారు అని ఉన్న అంకెలు రోజూ చూస్తున్నవే. కాని ఆ మధ్యాహ్నం నా కళ్ళకి అంకెలు కనబడలేదు. చిన్నప్పటి నుంచి వల కన్ను కొలిచినా, తాడు కొలిచినా దారంతోనే కొలిచాం. ఒకడి మీద కడుపు మండుతున్నప్పుడు చేతికి తెలిసిన పనే చేతికి వస్తుంది.

ఆయన పాపం మంచివాడు. టేపు పెట్టి నా దారం కొలిచి, "మీరు చూసింది ఏడు, పదహారు" అని తేల్చాడు. తర్వాత మూడు రకాల టైర్లు దొర్లించుకు వచ్చి గోడకి ఆనించాడు. గీతల టైరు రోడ్డు మీద చల్లగా పోతుంది, ఎక్కువ కాలం వస్తుంది. గళ్ళ టైరు బురదని, ఇసుకని పట్టుకుంటుంది గాని తారు మీద తొందరగా అరుగుతుంది, చప్పుడు చేస్తుంది, స్టీరింగు బరువెక్కుతుంది, డీజిలు తాగుతుంది. రెండిటికీ మధ్య రకం ఇంకొకటి. ఇదంతా ఓపిగ్గా చెప్పి, అసలు ప్రశ్న అడిగాడు.

"రోజూ మీరు ఎంత దూరం ఇసుకలో తిరుగుతారండీ? తారు మీద ఎంత?"

నిజం చెబితే ఇసుక రెండు వందల గజాలు. తారు రోడ్డు పోనూ రానూ ముప్పై మైళ్ళు పైనే.

"సగానికి సగం ఇసుకేనండి" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. "సగం ఇసుక అయినా, కొంచెం గాలి తగ్గించుకుంటే మీ పాత టైర్లే నడుస్తాయండి. మరీ కాదంటే మధ్య రకం వేసుకోండి. అంతకంటే పెద్దది పెడితే మడ్‌గార్డుకి రాసుకుంటుంది. బండి పైకి లేపాలి. అంతా చేసి మీరు తోలేది రోజువారీ బండి."

ఆయన చెప్పిన ప్రతి మాటా నాకు మా తోడల్లుడు చెప్పించినట్టే వినబడింది. ఏడున్నర గళ్ళవి నాలుగు కట్టించుకున్నాను. పులిని చూసి నక్క వాత పెట్టుకుంటే, ఆ నక్క కనీసం వాత చిన్నది పెట్టుకుంది. నేను పులి చారకంటే పెద్దది పెట్టుకున్నాను.

షావుకారు చెప్పినట్టే అయింది. పిఠాపురంలో మెకానిక్ టైర్లు ఎక్కించి స్టీరింగు తిప్పేసరికి మడ్‌గార్డులు రాసుకున్నాయి. రేకు కొంత కోశాడు. చాలలేదు. కింద బరువు మోసే నాలుగు స్ప్రింగు కమాన్లకీ ఒక్కో పట్టీ ఎక్కువ వేసి బండిని లేపాడు. బండి ఒక బెత్తెడు పైకి లేచింది. నేను దూరంగా నిలబడి చూసుకున్నాను. అబద్ధం ఎందుకు, అందంగా ఉంది. నా పెళ్ళిలో కూడా నేను అంత మురిసిపోలేదు.

ఊరి దారి పట్టాక ఊళ మొదలైంది. అతని బండి ఊళకంటే రెండింతలు. తోపు దాటి ఇంటి ముందు ఆపేసరికి మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, నన్ను చూసి, "మీరా. బావగారనుకున్నాను" అంది.

మర్నాడు పొద్దున బండిని ఇసుకలోకి దింపాను. దిగబడలేదు. అలల దాకా పోయి, మా తోడల్లుడి బండి పక్కనే నిలిపాను. నా చక్రాల ముందు అతనివి బుడ్డ చక్రాలు. అతను బీడీ తీసి నోట్లో పెట్టుకుని వెలిగించడం మరిచిపోయాడు. ఆ ఒక్క నిమిషం కోసం నేను రాజమండ్రి ఏం ఖర్మ, రామేశ్వరమైనా వెళ్ళేవాణ్ణి.

అప్పుడు మా అత్తగారు వచ్చింది. గంప నిండా కానాగంత చేపలు. ఆవిడ బండి ఎక్కే పద్ధతి ఒకటి ఉంది. ముందు గంప తొట్టిలో పెట్టేది. తర్వాత బండి వైపు వీపు తిప్పి, దించిన వెనక తలుపు అంచు మీద, అరుగు మీద కూర్చున్నట్టు కూర్చునేది. కూర్చుని కాళ్ళు రెండూ లోపలికి లాక్కునేది. ఎవరి చెయ్యీ అక్కరలేదు. మోకాళ్ళు అప్పటికే అరిగిపోయాయి ఆవిడకి. అయినా ఆ ఎక్కడంలో ఒక దర్జా ఉండేది. నేను పన్నెండేళ్ళూ అద్దంలోంచి చూసి కూడా దాన్ని గమనించలేదు.

ఆ రోజు వీపు తిప్పింది. అంచు నడుముకి పైన తగిలింది. మునివేళ్ళ మీద లేచింది, అందలేదు. మళ్ళీ ప్రయత్నించింది. నేను దిగి చెయ్యి ఇవ్వడానికి లేదు, ఇస్తే ఆవిడ పట్టుకోవడానికి లేదు. లోపలున్న ఇద్దరు ఆడవాళ్ళు చంకల్లో చేతులు వేసి పైకి లాగారు. బరువైన మనిషి. సగం లేచి జారింది. చీర కుచ్చిళ్ళు అంచుకి పట్టుకున్నాయి, గంప ఒరిగి చేపలు ఇసుకలో పడ్డాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను అద్దంలోంచి మొహం తిప్పుకున్నాను. ఇద్దరల్లుళ్ళు చూస్తుండగా మూట లాగినట్టు లాగించుకుంది ఆవిడ.

లేచి చీర సర్దుకుంది. చేపలు ఒక్కొక్కటే ఏరి గంపలో వేసుకుంది. చుట్టకుదురు పెట్టుకుని గంప ఎత్తుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా, ఇసుక దాటి బస్సు ఆగే చోటికి నడిచింది. గంపకి కూడా ఏమీ చెప్పలేదు.

ఆ మొదటి బస్సు వచ్చేసరికి పెద్దాపురంలో మంచి బేరం అయిపోయేది. వచ్చినా, చేపల గంప లోపలికి వద్దనేవారు, పైన వేయమనేవారు. ఆవిడ అలా వారం రోజులు వెళ్ళింది. ముక్కాలిపీట చేయించి పెట్టానని మా ఆవిడ చేత కబురు పంపాను. "అల్లుడు పీట వేస్తే అత్త ఎక్కడమా, ఊరు నవ్వదా" అని తిప్పి పంపింది.

అయితే ఆ వారంలోనే నేను కోరుకున్నదీ జరిగింది. బస్సు కోసం నిలబడ్డ చోట ఆవిడ అందరితోనూ నా టైర్ల గురించి చెబుతోందట. "మా చిన్నల్లుడు గారి బండి చూశారా? జిల్లా మొత్తానికి అలాంటి చక్రాలు లేవు" అని. కాఫీ హోటలాయన నవ్వుతూ నాకు చెప్పాడు. నేను ఇంటికొచ్చి మా ఆవిడకి గొప్పగా చెప్పాను. ఆవిడ అన్నం గిన్నె కింద పెట్టింది.

"మీకింకా అర్థం కాలేదా అండీ. బావగారు ఆ మిలటరీ టైర్లు వేయించకముందు అమ్మ ఒక రోజు ఆయన బండి, ఒక రోజు మన బండి ఎక్కేది. అవి వేశాక ఆ బండి ఎక్కలేకపోయింది. ఎక్కలేనని ఆయనకి చెప్పుకోలేదు కదా. రోజూ మన బండే ఎక్కుతుంటే అక్క, బావగారు ఏమనుకుంటారోనని, పొగడ్త అంతా వాళ్ళకి ఇచ్చింది. కూర్చోవడం మనకి ఇచ్చింది. ఇప్పుడు మీరు పొగడ్త తెచ్చుకున్నారు."

ఆ పూట కూడా నాకు అన్నం సయించలేదు. కాని అది వేరే రకం.

కథ ఇక్కడ ఆగితే నేను బుద్ధి తెచ్చుకున్నవాణ్ణి అయ్యేవాణ్ణి. ఆగలేదు. పదో రోజున మా తోడల్లుడి బండి మా ఇంటి ముందు నుంచి వెళ్ళింది. చప్పుడు లేదు. మా ఆవిడ "ఎవరండీ అది" అంది. బయటికెళ్ళి చూశాను. గళ్ళ టైర్లు లేవు. ఆరు, పదహారు. గీతలవి. నా పాత టైర్లకి కవల పిల్లల్లా ఉన్నాయి.

కాఫీ హోటలు దగ్గర పట్టుకుని అడిగాను. మిలటరీ టైర్లు ఏం చేశావన్నయ్యా అని.

"ట్రాక్టరు తొట్టి ఉన్నాయన ఎవరో అడిగితే ఇచ్చేశాను తమ్ముడూ" అన్నాడు. తర్వాత గ్లాసు వైపు చూస్తూ అన్నాడు. "ఆవిడ నా బండి ఎందుకు మానేసిందో రెండేళ్ళు తెలియలేదు. నీ మీదే అభిమానం అనుకుని లోపల లోపల ఏడ్చాను. మొన్న నీ బండి దగ్గర జారితే తెలిసింది."

నాకు అతని మీద జాలి కలగాలి. కలగలేదు. ముందు నాకు తట్టనందుకు కడుపు రగిలిపోయింది. నేను కూడా మర్నాడే పాతవి వేయించుకుందును. కాని మడ్‌గార్డు కోసేశాను, కమాన్లు లేపేశాను, పాత టైర్లు అప్పుడే అమ్మేసి ఆ డబ్బు కొత్తవాటిలో పెట్టేశాను. వాత ఒకసారి పెట్టుకున్నాక చెరుపుకోవడం నక్కకి కూడా చేతకాదు.

ఆ వారం చివర కాలువ వంతెన దగ్గర ఇద్దరి బళ్ళూ ఎదురుపడ్డాయి. వంతెన ఒక బండికే సరిపోతుంది. నేను పక్కకి తీసి ఆపాను. అతని బండి మెల్లగా నన్ను దాటింది. తొట్టిలో, వెనక తలుపు దగ్గర, తన పాత చోటు లాంటి చోటులో మా అత్తగారు కాళ్ళు ముడుచుకుని దర్జాగా కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు. గంప మీద చెయ్యి వేసి, నాకు వినబడేంత గట్టిగా చెప్పింది.

"చూశావటే, చిన్నల్లుడు గారి చక్రాలు. వాటి ముందు ఈ బండి ఎందుకు పనికొస్తుందే."

నేను రాజమండ్రి దాకా వెళ్ళి కొనుక్కున్న మాట అది. అతని బండి వంతెన దిగి మలుపు తిరిగేదాకా ఇంజను కట్టేసి అక్కడే కూర్చున్నాను.

నా టైర్లు అరగడానికి రెండేళ్ళు పట్టింది. అవి తీయించి, కమాన్లు దింపించి, మళ్ళీ ఆరు, పదహారు వేయించుకుని ఇంటికొచ్చేనాటికి మా అత్తగారు గంప ఎత్తడం మానేసింది. ఆఖరిసారి పెద్దాపురం వెళ్ళి వచ్చింది మా తోడల్లుడి బండిలో.